బావంచాలు, నిమ్మరసం, కాస్త ఎండ

మొహం మీద వచ్చే నల్లమచ్చలకి తెలుగులో ఒక పాత పేరుంది: మంగు. రెండు చెంపల మీదా, ముక్కు దూలం మీదా, నుదుటి మీదా మెల్లగా పరుచుకునే గోధుమ నలుపు. డాక్టర్లు దాన్నే మెలాస్మా అంటారు. ఏలినాటి శని మొదటి విడతకీ మనవాళ్ళు మంగు శని అనే పేరు పెట్టారు. ఈ రెండు మంగుల్నీ పక్కపక్కన పెట్టుకోవడం నాకు సబబుగానే అనిపిస్తుంది. రెండూ చెప్పాపెట్టకుండా వస్తాయి, ఏళ్ళ తరబడి కూర్చుంటాయి, రెంటికీ ఎదురైన ప్రతివాళ్ళూ ఒక పరిహారం చెబుతారు.

ఆ పరిహారాల చరిత్రే ఈ వ్యాసం. నిమ్మచెక్కతో రుద్దమనీ, పసుపులో పాలు కలిపి పట్టించమనీ, సున్నిపిండి అరగంట ఆరనివ్వమనీ చెప్పే మాటలన్నిటికీ చివర 'మన పూర్వీకులు' అని ఒక ముద్ర ఉంటుంది. ముద్ర గీకి చూస్తే ఒక్కొక్కదాని కింద ఒక్కో కథ. కొన్ని నిజంగానే పాతవి. కొన్ని మన అమ్మల వయసువి. ఒకట్రెండు, మచ్చలు పోగొట్టడానికి కాదు, మచ్చలు తెప్పించడానికి పుట్టినవి.

నిజంగా పాతదాని దగ్గర మొదలుపెడదాం. సుశ్రుతుడు మంగుని వ్యంగం అన్నాడు. క్షుద్రరోగాలు అనే జాబితాలో దాన్ని చేర్చాడు. క్షుద్రం అంటే ఇక్కడ నీచమని కాదు, చిన్నదని. అతని వర్ణన ఇప్పుడు చదివినా ఆశ్చర్యంగా ఉంటుంది: కోపం వల్ల, అలసట వల్ల వాతం ప్రకోపించి, పిత్తంతో కలిసి మొహానికి చేరి, నొప్పి లేని, పల్చని, నల్లటి మండలం వేస్తుందట. వాతపిత్తాల సంగతి పక్కన పెట్టండి. నొప్పి లేకపోవడం, పల్చగా ఉండటం, మొహం మీదే రావడం అన్నవి ఇవాళ చర్మవైద్యుడు చూసే గుర్తులే. కానీ చికిత్స దగ్గరికొస్తే అతను మనం ఊహించుకునే సుకుమారమైన ఆయుర్వేదం చెప్పలేదు. నరం కోసి రక్తం తీయమన్నాడు, సముద్రపు నురుగుతో (అంటే కటిల్ చేప ఎముకతో) రుద్దమన్నాడు, ఆ తర్వాత పాలుకారే చెట్ల బెరడు లేపనం. చందనం, కుంకుమపువ్వు, లొద్దుగ చెక్క లాంటి పరిమళాల వైపు మొహం లేపనాలు మళ్ళింది ఇంకో దారిలో. అది వైద్యం కన్నా అలంకారానికి దగ్గర దారి. కాళిదాసు మేఘదూతంలో అలకాపురి స్త్రీలు మొహాలకి లొద్దుగ పుప్పొడి అద్దుకుంటారు. వాళ్ళకి మంగు ఉన్నట్టు ఎక్కడా లేదు. అదే లోధ్ర పేరుని 20వ శతాబ్దంలో మద్రాసులో కేసరి కుటీరం వాళ్ళు స్త్రీల టానిక్కుకి పెట్టారు. 'గృహలక్ష్మి' పత్రిక నడిపిన డాక్టర్ కె.ఎన్. కేసరి గారి కుటీరమే అది. చెట్టు ఒకటే. మొహం మీంచి గర్భాశయానికి ప్రయాణం కట్టింది.

ఇక నలుగు. నలుగు పెట్టడం మన ఇళ్ళలో మచ్చల వైద్యంగా మొదలవలేదు. అది నూనె వదిలించే పని. తలంటి, ఒళ్ళంతా నువ్వులనూనె మర్దనా చేసి, ఆ జిడ్డు పోవడానికి శనగపిండో పెసరపిండో పట్టించి నలిచేసి, వేడినీళ్ళు పోసేవాళ్ళు. పసిపిల్లలకి, పెళ్ళికూతుళ్ళకి, భోగినాడు, దీపావళినాడు. అందులో మూడు విషయాలు గమనించాలి. ఒకటి, కింద నూనె పొర ఉండేది. రెండు, పిండి ఒంటిమీద ఉండేది కాసేపే. మూడు, ఇదంతా తెల్లవారకముందో, పొద్దెక్కకముందో జరిగిపోయేది. వారపత్రికల మహిళల పేజీలు 'సౌందర్య చిట్కాలు' మొదలుపెట్టాక ఈ మూడూ మెల్లగా రాలిపోయాయి. నూనె పోయింది. నలిచే పిండి 'ఫేస్ ప్యాక్' అయింది. కాసేపు కాస్తా అరగంట అయింది. పేరు మాత్రం పాతదే మిగిలింది. వాడకం మారితే వస్తువు కూడా మారినట్టే, కానీ ఆ సంగతి ప్యాకెట్ మీద ఎవరూ రాయరు.

దీన్ని నేను ఇంత పట్టించుకోవడానికి కారణం బావంచాలు.

సున్నిపిండి ఇంట్లో కొట్టించుకున్నవాళ్ళకి ఈ జంట పదం తెలుసు: బావంచాలు, కచ్చూరాలు. పెసలు, శనగలు, పసుపు కొమ్ములతోపాటు మూలికలమ్మే కొట్లో పొట్లం కట్టించుకొచ్చేవి. కచ్చూరాలు పసుపు కుటుంబానికి చెందిన దుంపలు, మంచి వాసన. బావంచాలు మాత్రం నల్లగా, మూత్రపిండం ఆకారంలో, కందిగింజ కన్నా చిన్నగా ఉండే గింజలు. సంస్కృతంలో బాకుచి. వృక్షశాస్త్రంలో చాలాకాలం సొరాలియా కొరిలిఫోలియా అన్నారు. ఆయుర్వేద గ్రంథాల్లో దీని ముఖ్యమైన పని ఒక్కటే: శ్విత్రం, అంటే బొల్లి. తెల్లమచ్చల మీద రాసి, లోపలికి కూడా ఇచ్చి, రోగిని ఎండలో కూర్చోబెట్టాలి. తెల్లబడ్డ చర్మానికి నలుపు తెప్పించే గింజ ఇది. అది తెల్లబరిచే పిండిలోకి ఎలా చేరింది? బహుశా వాసన కోసం, దురదలూ గజ్జీ రాకుండా ఉండటం కోసం. చర్మానికి మంచిది అన్న ఒక్క మాట కిందికి అన్నీ వచ్చి చేరతాయి. ఏ చర్మానికి, దేనికి మంచిది అన్నది ఎవరూ అడగరు.

ఇదే కథ నైలు నది ఒడ్డున కూడా జరిగింది. అక్కడి మొక్క వేరు, అమ్మి మేజస్, ధనియాల జాతిది. 13వ శతాబ్దపు వృక్షవైద్యుడు ఇబ్న్ అల్ బైతార్ దాని గింజలు తిని ఎండలో నిలబడితే బొల్లి మచ్చలు నల్లబడతాయని రాశాడు. రెండు నాగరికతలు, రెండు వేర్వేరు మొక్కలు, చికిత్స మాత్రం ఒకటే: గింజా, ఎండా. ఎందుకో తెలియడానికి 20వ శతాబ్దం రావాల్సొచ్చింది. 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు అనే భారతీయ రసాయన శాస్త్రవేత్తలు బావంచాల్లోంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. మొక్క పేరు మీదుగానే దానికి సొరాలెన్ అని పేరొచ్చింది. కైరోలో ఫహ్మీ, అబూ షాదీ అనే ఇద్దరు అమ్మి గింజల్లోంచి దాని దగ్గరి బంధువుని బయటికి తీశారు. 1948లో ఎల్ మొఫ్తీ అనే వైద్యుడు ఆ శుద్ధ పదార్థాన్ని బొల్లి రోగుల మీద వాడి ఫలితాలు ప్రచురించాడు. 1974లో హార్వర్డ్‌లో పారిష్, ఫిట్జ్‌పాట్రిక్ బృందం దానికి అతినీలలోహిత 'ఎ' కిరణాల దీపాల్ని జతచేసి సోరియాసిస్‌కి వైద్యం చేసింది. పూవా అనే చికిత్స అలా పుట్టింది. ఆ బృందంలో మధుకర్ పాఠక్ అనే మన దేశస్థుడు కూడా ఉన్నాడు.

సొరాలెన్ చేసే పని ఇది. చర్మ కణంలోకి వెళ్ళి డీఎన్‌ఏ మెట్ల మధ్య ఇరుక్కుని ఊరికే కూర్చుంటుంది. చీకట్లో ఏమీ చేయదు. అతినీలలోహిత 'ఎ' కిరణం తగిలిందా, ఆ రెండు పోగుల్నీ కలిపి కుట్టేస్తుంది. కణం దెబ్బతింటుంది, చర్మం ఎర్రబడుతుంది, ఎక్కువైతే బొబ్బలెక్కుతుంది. ఆ గాయానికి జవాబుగా రంగు కణాలు మెలనిన్‌ని కుమ్మరిస్తాయి. ఎరుపు రోజుల్లో పోతుంది, నలుపు నెలల తరబడి ఉంటుంది. పూవా ఇచ్చే చోట దీపం కింద ఎన్ని సెకన్లు నిలబెట్టాలో లెక్కకట్టి మొదలుపెడతారు, మాత్ర మింగిన రోజంతా నల్లకళ్ళద్దాలు పెట్టుకోమంటారు. ఇంట్లో బావంచి నూనె రాసుకుని ఎండలో కూర్చుని ఒళ్ళు కాల్చుకున్నవాళ్ళ కేసులు వైద్యపత్రికల్లో ఉన్నాయి.

ఇంతకీ సున్నిపిండి ప్రమాదమా? పాత పద్ధతిలో పెద్దగా కాదు. గింజలు పిండిలో కొద్ది పాళ్ళే, కింద నూనె, వెంటనే కడుగుడు, బయట ఇంకా చీకటి. నాలుగు రక్షణలూ ఎవరూ ఆలోచించకుండానే అమరాయి. అదే పిండిని పెరుగులో కలిపి, ఉన్న మంగు మీద దట్టంగా పూసి, అరగంట ఆరనిచ్చి, తొమ్మిదింటికి స్కూటర్ మీద ఆఫీసుకి బయల్దేరితే అది వేరే లెక్క. కిటికీ పక్కన బస్సు సీటు కూడా రక్షణ కాదు. చర్మం కమిలేలా చేసే 'బి' కిరణాల్ని అద్దం చాలావరకు ఆపుతుంది గానీ, సొరాలెన్‌ని మేల్కొలిపే 'ఎ' కిరణాల్ని బాగానే లోపలికి రానిస్తుంది. మొహానికి వాడే పిండిలో బావంచాలు వేయించకండి. వేసి ఉంటే ఆ పిండి ఒంటికి, రాత్రి స్నానానికి ఉంచుకోండి.

నిమ్మకాయ కథ యూరప్‌లో మొదలవుతుంది. 1916లో ఫ్రాయిండ్ అనే వైద్యుడు కొందరు రోగుల చర్మం మీద విచిత్రమైన గోధుమరంగు చారలు చూశాడు. ఓ డి కొలోన్ అత్తరు రాసుకుని ఎండలోకి వెళ్ళినచోట, అత్తరు కారిన దారిలోనే వచ్చిన చారలవి. 1925లో రోజెంతాల్ అనే ఆయన అలాంటిదే మెడ మీద లాకెట్ వేలాడుతున్నట్టు కనబడితే, ఫ్రెంచిలో లాకెట్‌కుండే పేరుతోనే బెర్లోక్ అన్నాడు. అందమైన పేరు, మొండి మచ్చ. దోషి అత్తర్లో ఉన్న బెర్గమాట్ నూనె. బెర్గమాట్ నిమ్మజాతి పండు. దాని తొక్కలోని బెర్గాప్టెన్, మన బావంచాల సొరాలెన్‌కి అక్కచెల్లెలు.

ఇక్కడ ఒక అనువాద ప్రమాదం కూడా ఉంది. ఇంగ్లీషు పత్రికల్లో మచ్చలకి చెప్పే లెమన్ పసుప్పచ్చని, పొడుగాటి పండు. మనం ఇంట్లో వాడే చిన్న గుండ్రటి నిమ్మకాయ లైమ్. చిట్కా తెలుగులోకి వచ్చేటప్పుడు రెండూ నిమ్మే అయ్యాయి. కానీ ఎండతో కలిసి చర్మాన్ని కాల్చడంలో లైమ్‌కే ఎక్కువ అపఖ్యాతి. అమెరికాలో సముద్రపు ఒడ్డున లైమ్ పిండుకుని పానీయాలు కలుపుకున్నవాళ్ళ చేతుల మీద వచ్చే బొబ్బలకి ఒక కాక్‌టెయిల్ పేరే పెట్టేశారు, మార్గరీటా కాలుడు అని. ఆ పదార్థం రసంలో కన్నా తొక్కలో చాలా ఎక్కువ. మన చిట్కా ఏం చెబుతుంది? చెక్కతో రుద్దమని. సరిగ్గా తొక్కతో. దీనికి తోడు నిమ్మరసం పీహెచ్ 2 దరిదాపుల్లో ఉంటుంది, చర్మం 5 దగ్గర. రోజూ రుద్దితే ఎండ లేకపోయినా చురచుర, పొట్టు లేవడం, మంట. మన రంగు చర్మానికి ఒక స్వభావం ఉంది: ఏ గాయమైనా, ఏ మంటైనా నల్లమచ్చని మిగిల్చి పోతుంది. మొటిమ గిల్లితే మిగిలే మచ్చ అదే. అంటే మచ్చ పోవడానికి పెట్టిన మంటే రేపటి మచ్చ. 'చురుక్కుమంటోందంటే పనిచేస్తోందన్నమాట' అని ఎవరైనా అంటే ఆ మాటని అక్కడే కడిగేసుకోవాలి.

నిమ్మ, బేకింగ్ సోడా, టూత్‌పేస్ట్, ఉప్పు, పంచదార గరుకులు అన్నీ ఈ ఒక్క లెక్కలోకే వస్తాయి కనుక ఒక్కొక్కటీ చెప్పను.

ఇంతవరకూ చెప్పినవి వంటింటివీ పెరటివీ. కానీ ఇంటి చిట్కా అంటే ఇంట్లో పండింది అని కాదు కదా, పక్కింటావిడ చెప్పింది అని. ఆ లెక్కన గత వందేళ్ళలో అసలైన ఇంటి చిట్కా ట్యూబు. దాని చరిత్ర కొంచెం భయంకరమైనది.

ముందు పాదరసం. అది మెలనిన్ తయారయ్యే దారిలోని టైరోసినేజ్ అనే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది, కనుక చర్మం నిజంగానే తేలికపడుతుంది. అదే పాదరసం చర్మం గుండా మూత్రపిండాలకీ వెళుతుంది. పాదరసం మీద మినమాటా ఒప్పందం 2013లో కుదిరింది. మినమాటా జపాన్‌లో పాదరసం కలిసిన చేపలు తిని వేలమంది ఛిద్రమైన ఊరు. ఆ ఒప్పందం, పదిలక్షల్లో ఒక పాలు కన్నా ఎక్కువ పాదరసం ఉన్న సౌందర్య సామగ్రిని 2020 కల్లా ఆపేయాలంది. ఆ తర్వాత కూడా కేరళలో 2021–23 మధ్య ఒక రకం మూత్రపిండాల జబ్బు వచ్చిన 22 మందిని వైద్యులు పరీక్షిస్తే, 15 మందిలో ఒక అరుదైన గుర్తు కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది మొహం తెల్లబరిచే క్రీములు వాడినవాళ్ళు. తయారుచేసినవాడి పేరు, పదార్థాల జాబితా లేని డబ్బా ఎవరిచ్చినా, బంధువు గల్ఫ్ నుంచి తెచ్చినా సరే, మొహానికి పెట్టకూడదు. ఈ వ్యాసంలో నేను గొంతు పెంచి చెప్పే మాట ఇదొక్కటే.

తర్వాత హైడ్రోక్వినోన్. దీని పుట్టుక ఒక తోళ్ళ కర్మాగారంలో. 1939లో అమెరికాలో ఆలివర్, ష్వార్ట్జ్, వారెన్ అనే ముగ్గురు రబ్బరు చేతొడుగులు వేసుకున్న నల్లజాతి కార్మికుల చేతులు తెల్లబడిపోవడం గమనించారు. రబ్బరు పాడవకుండా కలిపిన ఒక హైడ్రోక్వినోన్ సంబంధిత రసాయనం దానికి కారణం. ఒక కార్మికుడి ఒంటికి జరిగిన నష్టం ఇంకొకరి సౌందర్యసాధనం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. దక్షిణాఫ్రికాలో నల్లజాతి స్త్రీలకి హైడ్రోక్వినోన్ క్రీములు విపరీతంగా అమ్మారు. 1975లో ఫిండ్లే బృందం ఆ క్రీములు ఏళ్ళ తరబడి వాడినవాళ్ళ బుగ్గల మీద నీలం నలుపు కలిసిన, గరుకైన, మందులకి లొంగని మరకల్ని వర్ణించింది. ఓక్రొనోసిస్ అంటారు. మరక ముదిరిందనుకుని వాళ్ళు ఇంకా ఎక్కువ రాసేవాళ్ళు. వర్ణవివక్ష ప్రభుత్వమే 1990లో ఆ క్రీములని నిషేధించాల్సొచ్చింది.

అదే 1975లో రెండు సంగతులు జరిగాయి. మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ బజారులోకి వచ్చింది (2020లో గ్లో అయింది, లవ్లీ అలాగే ఉంది). అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఐజాక్ విల్లిస్ హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ కలిపిన సూత్రాన్ని ప్రచురించారు. ఈ క్లిగ్‌మన్ ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసిన మనిషి. 'ఏకర్స్ ఆఫ్ స్కిన్' అనే పుస్తకం ఆ కథంతా చెబుతుంది. మందు మాత్రం పనిచేసే మందే, డాక్టరు కనిపెట్టుకుని ఉంటూ కొన్ని వారాలు వాడితే. మన దగ్గర అది మందుల షాపులో సబ్బులా అమ్ముడైంది. 2011లో చర్మవైద్యుల బృందం 12 ఆసుపత్రుల్లో మొహం సమస్యలతో వచ్చిన 2926 మందిని చూస్తే 433 మంది స్టెరాయిడ్ క్రీము రాస్తున్నవాళ్ళే. వాళ్ళలో సగానికి పైగా డాక్టరు కాని ఎవరో చెబితే మొదలుపెట్టినవాళ్ళు. స్టెరాయిడ్ మొదటి నెల అద్భుతంగా ఉంటుంది. తర్వాత చర్మం పల్చబడి, రక్తనాళాలు తేలి, మొటిమలు లేచి, మానేస్తే మొహం మండిపోతుంది. మళ్ళీ రాస్తే తగ్గుతుంది. ఆ 'తగ్గుతుంది' అన్నదే ఉచ్చు. 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాల్ని చీటీ లేకుండా అమ్మకూడదంది. మీ ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి పేరుంటే ఒక్కరోజులో మానేయకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి.

ఇంత చదివాక ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదా అంటే, ఉంది, కానీ అది చప్పగా ఉంటుంది. మంగు చాలావరకు ఎండతోనే బతుకుతుంది, గర్భం, గర్భనిరోధక మాత్రలు దాన్ని రేపుతాయి. కనుక మొదటి ఇంటి చిట్కా గొడుగు. మనవాళ్ళు చీరకొంగు తలమీదికి లాక్కోవడం, పొలంలో మొహానికి తువ్వాలు చుట్టుకోవడం ఏ పసుపు పూతకన్నా పాత, మేలైన చర్మరక్షణ. సన్‌స్క్రీన్ వాడేవాళ్ళు ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగుదాన్ని ఎంచుకుంటే మంచిది. మన చర్మంలో మామూలు వెలుతురు కూడా మంగుని ముదరనిస్తుంది, తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు. పెసరపిండి మెత్తగా జల్లించి, రుద్దకుండా అద్ది కడుక్కుంటే సబ్బు బదులు బాగానే ఉంటుంది. కలబంద గుజ్జు, పెరుగు చాలామందికి హాని చేయవు, చల్లదనం ఇస్తాయి, అంతకుమించి వాటినుంచి ఆశించకండి. ఏదైనా కొత్తది మొహానికి వెళ్ళేముందు మోచేతి మడతలో రోజూ కాస్త రాసి వారం చూడాలి. పడని పదార్థం ఒక్కోసారి మూడో నాలుగో రోజుకి గానీ బయటపడదు. మచ్చ తగ్గడం కూడా నెలల లెక్కే. వారంలో తేడా చూపించేది ఏదైనా సరే, అనుమానించాల్సిన వస్తువు.

పసుపు గురించి ఒక్క మాట. కొమ్ము అరగదీసుకుంటే చాలామందికి ఇబ్బంది లేదు, కొందరికి పడదు. పొడి పసుపు మరీ మెరుస్తుంటే మాత్రం ఆలోచించాలి. 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బంగ్లాదేశ్‌లో మెరుపు కోసం పసుపులో సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలుపుతున్నట్టు చూపించారు. మన దగ్గర కూడా కల్తీ కొత్త మాటేం కాదు. అలాగే, ఒకే ఒక్క మచ్చ పెరుగుతూ, అంచులు చెదిరి, రంగులు మారుతూ, రక్తం కారుతూ ఉంటే అది మంగు కాదు, దానికి ఏ పిండీ పూయకూడదు, చూపించుకోవాలి.

బావంచాల కథకి ఇంకో మలుపు ఉంది. 1966లో పుణె రసాయన ప్రయోగశాలలో మెహతా, నాయక్, సుఖ్‌దేవ్ ఆ గింజల్లోంచే బాకుచియోల్ అనే మరో పదార్థాన్ని వేరుచేశారు. దానికి సొరాలెన్‌తో పోలిక లేదు, ఎండతో పేచీ లేదు. 2018లో 44 మంది మీద 12 వారాలు చేసిన ఒక చిన్న పరీక్షలో అది రెటినాల్‌తో సమానంగా ముడతల్నీ మచ్చల్నీ తగ్గించిందని, చర్మం తక్కువ పొట్టు లేచిందని తేలింది. అప్పట్నుంచీ అది డ్రాపర్ సీసాల్లో, ఆకుపచ్చ లేబుల్‌తో, వేలరూపాయలకి హైదరాబాద్ మాల్స్‌లోకి దిగింది. సీసా కొనేముందు అది శుద్ధి చేసిన బాకుచియోలా, లేక ఉత్త బాకుచి నూనెనా అని చూడాలి. పేర్లు రెండూ దగ్గర దగ్గరే, ధరలో మాత్రం చాలా తేడా. సొరాలెన్ తీసేసింది మొదటిది, అన్నీ అలాగే ఉన్నది రెండోది. మూలికల కొట్లో దొరికే సున్నిపిండి ప్యాకెట్లో ఉన్నది కూడా ఆ రెండోదే, వెనకవైపు చిన్న అక్షరాల్లో, కచ్చూరాల పక్కన.